బకెట్లో మిగిలిన నీళ్ళు

అక్టోబరు 14, శనివారం

పక్కింటి మార్త ఈ పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది. "రోజూ నాలుగు ముక్కలు రాసుకో సినిక్కా. మా ఆయన పోయినప్పుడు నేనూ అదే చేశా. ఎవరికీ చూపించక్కర్లేదు" అంది.

నాకు రాత రాదు. చిన్నప్పుడే చదువు మానేసి వంటపనిలో చేరినదాన్ని. బడి వంటశాలలో రేపటికి బంగాళాదుంపలు ఎన్ని కావాలో రాయడం తప్ప ఇంకేం రాశాను? మా అబ్బాయి సాములి లేడు అని రాయాలా? రాశాను. ఏం తేలిక కాలేదు.

లాప్‌టాప్‌లో వైఫై మళ్ళీ పోయింది. అది రాస్తాను.

వెన్లా తంపెరె ఊరి నుంచి వీడియో కాల్ చేసింది. పొట్ట చూపిస్తానని లేచి పక్కకి తిరిగింది. నీలం స్వెటరు కింద మా సాములి బిడ్డ. "చూడు, ఎంత పెరిగిందో! సాములి ఉంటే ఈపాటికి" అంటుండగా బొమ్మ ఆగిపోయింది. నోరు సగం తెరుచుకుని, చెయ్యి పొట్ట మీద, అలాగే. నేను పిలుస్తూనే ఉన్నాను. తర్వాత తెర మీద చిన్న చక్రం తిరిగింది. తర్వాత అదీ లేదు.

లాప్‌టాప్ సాములిదే. నా ఫోను బటన్ల ఫోను, అందులో మనుషులు కనపడరు. మా ఆయన కాలెవి ఫోను రోడ్ల శాఖ వాళ్ళది, సొంత పనికి ముట్టుకోడు.

"పాతదైపోయింది, దానికీ ఓపిక తగ్గింది" అన్నాడు కాలెవి, కాఫీ తాగుతూ. అతనికి ఈ మధ్య అన్నీ ఓపిక తగ్గినవే.

అక్టోబరు 15

ఇవాళ అసలు కలవలేదు.

అక్టోబరు 17

వైఫై కంపెనీకి ఫోన్ చేశాను. చాలాసేపు పాట వినిపించి, చివరికి ఒక అమ్మాయి వచ్చింది. మంచి గొంతు.

"రౌటర్ ఎక్కడుంది?"

"స్నానాల వైపు. బట్టలు మార్చుకునే గదిలో, కరెంటు పెట్టె పక్కన. తీగ అక్కడినుంచే లోపలికొచ్చింది."

"సరే. వెళ్ళి ప్లగ్ పీకి, కాస్త ఆగి మళ్ళీ పెట్టు. నేను లైన్లోనే ఉంటా."

నేను వంటింట్లోనే నిలబడ్డాను.

"వెళ్ళావా?"

"వెళ్తున్నా" అన్నాను. కదల్లేదు.

స్నానాల వైపు తలుపు సెప్టెంబరు నుంచి మూసి ఉంది. నేను మూశాను. మేము ఇటువైపు మరుగుదొడ్డి పక్కనున్న చిన్న షవర్ కింద నిలబడి కానిచ్చేస్తున్నాం. కానీ ఆ పిల్ల లైన్లో ఎదురుచూస్తోంది, పాపం. వెళ్ళాను.

చారల తువ్వాలు కొక్కేనికి ఉంది, సాములి విసిరినట్టే. అద్దం తలుపు అవతల సౌనా ఆవిరిగదిలో బల్ల మీద బకెట్. చివరి శనివారం పొయ్యి రాళ్ళ మీద పోసి ఆవిరి పట్టాక వాడు సగం నీళ్ళు వదిలేశాడు. ఆదివారం పొద్దున కారులో బయలుదేరాడు. మలుపులో రోడ్డుకి అడ్డంగా దుప్పి వచ్చింది. ఖననం అయిన మర్నాడు కాలెవి బకెట్ ఎత్తి పారబోయబోతే చేతిలోంచి లాక్కున్నాను. మళ్ళీ అదే చోట పెట్టాను, గరిటె అదే వైపు.

గాలి కూడా వాడిదే అక్కడ. పొగ, బిర్చి చెట్టు ఆకు, వాడి సబ్బు. ఎక్కువ పీల్చలేదు. పీల్చేస్తే అయిపోతుంది.

ప్లగ్ పీకి పెట్టాను. పచ్చ దీపాలు వచ్చాయి. వంటింట్లోకొచ్చి చూస్తే లాప్‌టాప్‌లో సిగ్నల్ గీతలన్నీ నిండుగా ఉన్నాయి.

"చూశావా! చాలామందికి దీంతోనే సరిపోతుంది" అంది అమ్మాయి. థాంక్స్ చెప్పాను. తర్వాత వెళ్ళి తలుపు గట్టిగా మూసి వచ్చాను, చలి రాకుండా.

సాయంత్రానికి మళ్ళీ పోయింది.

అక్టోబరు 21, శనివారం

కాలెవి స్నానానికి మార్త వాళ్ళింటికి వెళ్ళాడు. తువ్వాలు చంకలో పెట్టుకుని, రోడ్డు దాటి, సొంత సౌనా లేనివాడిలా. మార్త కంచె దగ్గర నాతో అంది: "శనివారం మీ పొగగొట్టంలో పొగ లేకపోతే వీధంతా చూస్తుంది. నాకేం, మీ ఆయన వస్తే కట్టెలు చీల్చి పెడతాడు. కానీ ఆ మనిషి నా ఇంట్లో ఆవిరి పట్టుకుంటూ ఒక్క మాట మాట్లాడడు తెలుసా?"

"మా ఇంట్లో మాత్రం మాట్లాడతాడా?" అన్నాను.

తిరిగొచ్చి కాలెవి అన్నాడు, నా వైపు చూడకుండా: "ఆ తలుపు తియ్యాలి సినిక్కా. బూజు పడుతుంది. చుక్క తడి బయటికి పోకుండా ఆ గదులు మూడింటికీ రేకు చుట్టాను నేను. గోడలకి, పైకప్పుకి. తలుపు ఉబ్బితే దానికీ లోపల తగరం కొట్టాను. అంత గట్టిగా మూసేస్తే తడి ఎటు పోతుంది? సాములి ఎప్పుడూ ఆ తలుపుకి బిర్చి దుంగ అడ్డం పెట్టి ఉంచేవాడు, గుర్తు లేదా?"

గుర్తుంది. తలుపు వేసుకోరా, వసారా చల్లబడుతుంది అని నేను అరిచేదాన్ని.

"పట్టనీ బూజు" అన్నాను.

అక్టోబరు 24

నాకో ఆలోచన వచ్చింది. లాప్‌టాప్‌నే రౌటర్ దగ్గరికి తీసుకెళ్తే?

బట్టల గదిలో బెంచీ మీద కూర్చున్నాను. వెన్లా మొహం వెంటనే వచ్చింది, ఎంత తేటగా అంటే ముక్కు మీద మచ్చలు కూడా కనపడ్డాయి. నేను సంతోషపడేలోపే ఆమె నా వెనక్కి చూస్తోంది.

"అది... ఆ చారల తువ్వాలు నేను కొన్నదే" అంది.

ఆమే పెట్టేసింది. డాక్టరమ్మ ఆమెని ఏడవొద్దందట.

అక్కడ కూర్చోకూడదు. వంటింట్లోనే బాగుచెయ్యాలి దీన్ని.

నవంబరు 4

పుణ్యాత్ముల రోజు. శ్మశానంలో కొవ్వొత్తి పెట్టాం. తడి మంచు, రెండుసార్లు ఆరిపోయింది. కాలెవి తన టోపీ అడ్డం పెట్టి వెలిగించాడు.

నీ లాప్‌టాప్ సతాయిస్తోంది రా అని చెప్పాను వాడికి. పైకి కాదు.

నవంబరు 9, గురువారం

బడిలో బఠాణీ సూపు. గిన్నెలు తోమి నడుం పట్టేసింది.

ఇంటికొచ్చి వైఫై కోసం బడి మాస్టారు చెప్పినవన్నీ చేశాను. మైక్రోవేవ్ ప్లగ్ పీకాను. కాలెవి రేడియో తీసి పక్క గదిలో పెట్టాను. లాప్‌టాప్‌ని కిటికీ అరుగు మీద పెట్టాను, బల్ల మీద పెట్టాను, ఫ్రిజ్ మీద పెట్టి నిలబడి చూశాను. ఆఖరికి మిగిలింది ఒకటే: నెట్‌వర్క్‌ని తీసేసి మళ్ళీ కొత్తగా కలుపుకోవడం. ఆ పేరు మీద నొక్కితే లాప్‌టాప్ అడుగుతుంది: ఈ నెట్‌వర్క్‌ని మర్చిపోవాలా?

పేరు సాములి పెట్టిందే. చాలాసేపు చూశాను. కాలెవి వచ్చి "ఏం అడుగుతోంది?" అన్నాడు. చూపించాను. వంగి చదివాడు. మూత మెల్లగా మూసేశాడు.

"సూపు తెచ్చావా?" అన్నాడు. తెచ్చాను. తిన్నాం.

నవంబరు 12, ఆదివారం

ఇవాళ జరిగింది రాయడానికి చెయ్యి రావడంలేదు. అయినా రాస్తాను.

బొమ్మ బాగానే ఉంది మొదట. వెన్లా చిన్న చిన్న మేజోళ్ళు చూపించింది, తనే అల్లినవి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. "ఇలాంటి కాళ్ళున్న పిల్లని కంటానేమో" అని నవ్వించింది. తర్వాత దగ్గరికి జరిగింది.

"సినిక్కా, పేరు అనుకున్నాను. బాప్తిజం దాకా ఎవరికీ చెప్పకూడదని తెలుసు. మా అక్కకి కూడా చెప్పలేదు. నీకొక్కదానికే చెప్తాను."

నేను చెవి తెర దగ్గర పెట్టాను, అలా పెడితే బాగా వినిపిస్తుందన్నట్టు.

ఆమె పెదాలు కదిలాయి. అంతే. రాయిలా ఆగిపోయింది. చక్రం తిరిగింది.

కాసేపటికి నా బటన్ ఫోను మోగింది.

"ఏమీ అనలేదేం?" అంది.

"నాకు వినపడలేదమ్మా. పోయింది. వైఫై."

"వినపడలేదా, వినాలనిపించలేదా?"

"వెన్లా!"

"కాదు, చెప్పు. సాములి పేరెత్తితే మాయమవుతావు. పొట్ట చూపిస్తే మాయమవుతావు. ఇవాళ ఇదీ. అందరిళ్ళల్లోనూ వైఫై ఉంది సినిక్కా. సరిగ్గా అప్పుడే ఎవరిదీ పోదు. నన్ను చూడ్డం నీకు కష్టంగా ఉంటే అదే చెప్పు. నేనేం అనుకోను."

"ఇప్పుడు చెప్పు పేరు. ఫోన్లో చెప్పు."

"చెప్పను. నీ మొహం చూడకుండా చెప్పను." ఏడుపు ఆపుకుంటోంది. "ఇంక ఆదివారాలు నేను చెయ్యను. నీకు చూడాలనిపించిన రోజు నువ్వే చెయ్యి."

కాలెవికి చెప్తే, "అలసిపోయి ఉంటుంది పిల్ల" అన్నాడు. అలసిపోలేదు. నన్ను వదిలేస్తోంది. ఆమె వదిలేస్తే ఆ బిడ్డ నాకు ఎవరు? పెళ్ళి కూడా కాలేదు వాళ్ళకి. రేపు ఇంకొకడు రావచ్చు, మంచివాడే రావచ్చు, ఆ బిడ్డకి ఇంకో నాయనమ్మ ఉండొచ్చు.

నవంబరు 13

చెయ్యలేదు. చేస్తే ఆగిపోతుంది. ఆగిపోతే అదే చివరిది.

నవంబరు 18

మళ్ళీ కంపెనీకి చేశాను. ఈసారి అబ్బాయి. మళ్ళీ అదే: ప్లగ్ పీకు, పెట్టు. వెళ్ళాను, పీకాను, పెట్టాను. వంటింట్లో గీతలన్నీ వచ్చాయి. నేను తలుపు మూసి వచ్చి, కాఫీ కలుపుకుని కూర్చునేసరికి ఒక్క గీత. మనిషిని పంపిస్తారట. జనవరిలో.

వెన్లాకి పురుడు క్రిస్మస్‌కి ముందే.

నవంబరు 26, ఆదివారం

బటన్ ఫోన్లోనే చేశాను. ఎత్తదేమో అనుకున్నాను. ఎత్తింది.

"ఎలా ఉన్నావు?"

"ఏనుగులా ఉన్నా. నువ్వు?"

"మనిషిని పంపిస్తారట, జనవరిలో. నేను అబద్ధం చెప్పలేదు వెన్లా. నువ్వు ఆగిపోయిన ప్రతిసారీ ఆ తెర పట్టుకుని ఊపాను. కాలెవిని అడుగు."

ఆమె నెమ్మదిగా, "ఎక్కడ కూర్చుని చేస్తున్నావు?" అంది.

"వంటింట్లో."

"సాములి కూడా మీ వంటింట్లోంచే చేసేవాడు. బొమ్మ ఆగిపోతే 'ఉండు, స్నానాల వైపు తలుపు తీసొస్తా' అని లేచేవాడు. నాన్న ఇంట్లో రేకుపెట్టె కట్టి అందులో రౌటర్ దాచిపెట్టాడని ఒకటే నవ్వు." కొంచెం నవ్వింది, వాడి నవ్వు తలుచుకుని. "ఆ దుంగ అందుకేగా? నీకు చెప్పలేదా?"

"లేదు."

"మరి తీసి చూడు."

"చూస్తా" అన్నాను.

ఫోన్ పెట్టేసి వసారాలో ఆ తలుపు ముందు నిలబడ్డాను. ప్లగ్ పీకి పెట్టిన ప్రతిసారీ ఎందుకు బాగైందో ఇప్పుడు తెలిసింది. ప్లగ్ కాదు, తెరిచిన తలుపు. నాకు ముందే తెలుసేమో కూడా. తెలియదు అని రాస్తాను. తెలియదు.

నవంబరు 27

తియ్యలేదు. బయట బాగా చలి.

నవంబరు 30

తియ్యలేదు.

డిసెంబరు 2

బకెట్ చూడ్డానికి వెళ్ళాను, తలుపు వెనకే మూసుకుని. నీళ్ళు తగ్గాయి. మూసి ఉంచినా తగ్గాయి. గరిటె కాడ దగ్గర పాత నీటి గీత ఒకటి తెల్లగా కట్టింది, నీళ్ళు దానికి చాలా కిందికి పోయాయి. ఆవిరిలో ఒంటికి కొట్టుకునే బిర్చి మండల కట్ట ముట్టుకుంటే ఆకు పొడయింది.

వాసన వెతికాను. బూజు వాసన వచ్చింది.

డిసెంబరు 3

కాలెవి మంచు తీసే బండి దిగి వచ్చాడు, మీసాలకి మంచు. అతనికి చెప్పేశాను. తలుపు సంగతి, వెన్లా చెప్పింది, అంతా.

అతను చాలాసేపు బూట్లు విప్పుతూనే ఉన్నాడు. "నా రేకు" అన్నాడు. "వాడు నాకూ చెప్పలేదు. నా పనితనం మీద జోకు వేస్తే నేను ఊరుకోనని."

"తీస్తే అంతా పోతుంది కాలెవి. వాడిది ఇంక ఏం మిగల్దు."

"నేను రోజూ ఆ మలుపు మీంచే మంచు తీస్తున్నా సినిక్కా" అన్నాడు. "అక్కడ బ్లేడు ఎత్తాలనిపిస్తుంది. రోజూ అనిపిస్తుంది. ఎత్తితే వెనక వచ్చేవాడు జారతాడు. అందుకని ఎత్తను."

ఇన్ని మాటలు అతను ఒకేసారి అనడం ఎన్నాళ్ళకో విన్నాను. తర్వాత వెళ్ళి పడుకున్నాడు. తలుపు ముట్టుకోలేదు. నాకు వదిలేశాడు.

డిసెంబరు 10

ఆదివారం. వెన్లా చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు.

డిసెంబరు 19

ఆడపిల్ల! వెన్లా అక్క ఫోన్ చేసింది. ఇద్దరూ బాగున్నారు. జుట్టు ఉందట, తడిగా నల్లగా. సాములికీ అంతే ఉండేది.

బడి వంటశాలలో అందరికీ చెప్పాను. చెప్తూ ఏడ్చాను. పిల్లలు పళ్ళేలు పట్టుకుని చూస్తున్నారు.

డిసెంబరు 21

వెన్లా గొంతు ఎంత నీరసంగా ఉందో. ఇంటికి వచ్చేశారట. "ఫోటోలు పంపిద్దామంటే నీది బటన్ ఫోను" అంది. కోపంగా కాదు.

"ఆదివారం నేనే చేస్తాను. క్రిస్మస్ ముందురోజు. మొహాలు కనపడేట్టు" అన్నాను.

"సరే" అంది. నమ్మినట్టు లేదు. "పడుకుంటా సినిక్కా. సగంలో ఆగిపోతే మాత్రం మళ్ళీ చెయ్యొద్దు. నాకిప్పుడు ఓపిక లేదు."

డిసెంబరు 24, ఆదివారం

పొద్దున పాయసం వండాను, ఎవరికి వస్తే వాళ్ళకి అదృష్టమని బాదంపప్పు ఒకటి వేశాను. ఇద్దరికి ఎందుకు వేశానో. కాలెవి పళ్ళెంలో వచ్చింది, పక్కన పెట్టేశాడు. శ్మశానానికి వెళ్ళి వచ్చాం. అంతా కొవ్వొత్తులే, మంచు పసుప్పచ్చగా ఉంది.

ఇంటికొచ్చి కోటు విప్పకుండానే అన్నాను: "కట్టెలు తే."

కాలెవి టోపీ చేత్తో పట్టుకుని నిలబడిపోయాడు. "ఎక్కడికి?"

"ఎక్కడికేమిటి? క్రిస్మస్ సౌనా లేకుండా పడుకుంటావా? మార్త ఇంట్లో ఇవాళ వాళ్ళ కొడుకులూ కోడళ్ళూ ఉంటారు, నిన్ను ఎక్కడ కూర్చోబెడుతుంది?"

వెళ్ళాడు. దాదాపు పరిగెత్తాడు.

తలుపు నేనే తీశాను. దుంగ మూలనే ఉంది, అడ్డం పెట్టాను. వసారాలోని గాలి నా పక్కనుంచే లోపలికి పోయింది. నేను ఆపలేదు.

కాలెవి పొయ్యి అంటించాడు. రాళ్ళు వేడెక్కేదాకా ఇద్దరం బట్టల గదిలో బెంచీ మీద కూర్చున్నాం, చారల తువ్వాలు కింద. అతను లేచి బకెట్ వైపు చూశాడు. "కొత్త నీళ్ళు పట్టనా?"

"వద్దు. అవే."

నా మొహం చూశాడు. ఇంక అడగలేదు.

పై బల్ల మీద కూర్చున్నాం, ఎప్పటిలా అతను గోడ వైపు, నేను తలుపు వైపు. మధ్యలో వాడి చోటు. సాములికి ఆవిరి ఎంత పోసినా చాలేది కాదు. వాడు గరిటె ఎత్తితే కాలెవి చెవులు మూసుకుని "చాలు రా, చంపేస్తావా!" అని కింది బల్లకి దిగేవాడు, వాడు "ముసలాడు ఓడిపోయాడు" అని అరిచేవాడు. ప్రతి శనివారం.

గరిటె నేను తీసుకున్నాను. మొదటి గరిటె రాళ్ళ మీద పోశాను.

చుయ్యిమంది. ఆవిరి పైకప్పు తాకి మా మీదికి వంగింది, వీపు మీదికి, చెవుల మీదికి. కాస్త పాచి వాసన, కాస్త బిర్చి. నేను ఊపిరి ఆపుకోలేదు. పీల్చాను. కాలెవి తల వంచుకుని మోచేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. భుజాలు ఎర్రబడ్డాయి. దిగిపోతాడనుకున్నాను.

"ఇంకోటి" అన్నాడు.

పోశాను.

"ఇంకోటి."

అలా బకెట్ అయిపోయేదాకా. అడుగున మిగిలిన కాసిని అతని చేతిలో పోశాను, మొహానికి రాసుకున్నాడు.

బయటికొచ్చి మంచులో కాసేపు నిలబడి, లోపలికొచ్చి స్నానపు కోటు తొడుక్కున్నాను. జుట్టు నీళ్ళు కారుతూనే ఉంది. లాప్‌టాప్ కిటికీ అరుగు మీద చల్లగా ఉంది. గీతలన్నీ ఉన్నాయి. నొక్కాను.

వెన్లా వచ్చింది. కళ్ళ కింద నలుపు. చేతుల్లో మూట. మూట విప్పి తెర దగ్గరికి పట్టింది. ముడుచుకున్న మొహం, కోపంగా ఉన్నట్టు కనుబొమలు. కాలెవి నా వెనక నిలబడి, "గడ్డం నాది" అన్నాడు. "పాపం" అంది వెన్లా. ఇద్దరూ నవ్వారు. నేను నవ్వానో లేదో తెలియదు.

అంతలో వెన్లా మొహం మారింది. వెనక్కి జరిగింది.

"సినిక్కా? పోతున్నావు. అంతా తెల్లగా అయిపోతోంది. మళ్ళీ పోతున్నావు." గొంతు చిన్నదైపోయింది.

నేను తిరిగి చూశాను. తెరిచిన తలుపులోంచి ఆవిరి వసారా దాటి వంటింట్లోకి వచ్చేసింది. తెర మీద, పైనున్న ఆ చిన్న కెమెరా కన్ను మీద, కిటికీ మీద, అంతటా పొగమంచులా పట్టింది.

"పోలేదు. ఇక్కడే ఉన్నా. ఇది సౌనా ఆవిరి. ఉండు, తుడుస్తా." కోటు చేతితో కన్ను తుడిచాను, తెర తుడిచాను. మళ్ళీ పట్టింది, మళ్ళీ తుడిచాను. "కనపడుతున్నానా?"

వెన్లా కాసేపు నన్నే చూసింది. ఎర్రబడ్డ మొహం, తడి జుట్టు, ముసలి మొహం.

"సౌనా వేశారా?" అంది.

"వేశాం."

ఆమె తల ఊపింది, చాలాసార్లు. బిడ్డ చెయ్యి పట్టుకుని తెర వైపు ఊపించింది. "కనపడుతున్నావు నాయనమ్మా" అంది.

"ఆ పేరు మళ్ళీ చెప్పు" అన్నాను.

కాలెవిని పక్క గదిలోకి పొమ్మంది. గొణుక్కుంటూ పోయాడు. వెన్లా తెర దగ్గరికి వచ్చి, నా కళ్ళలోకి చూస్తూ చెప్పింది.

ఇక్కడ రాయను. బాప్తిజం దాకా రాయకూడదు. మొత్తం వినపడింది.